ఆట ఉన్నట్టే

"ఆగస్టు కుదరదని చెప్పాను కదా, అట్రాక్టా," అన్నాడు నాన్న, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

"జూలై కుదరదన్నావు. జూన్ సంగతి అడగనే వద్దన్నావు. పోనీ ఏ నెల కుదురుతుందో నువ్వే చెప్పు. దేవుడు పన్నెండే ఇచ్చాడు మరి," అంది అమ్మ.

"నవంబరు."

"నవంబర్లో సముద్రం ఒడ్డున ఏం చేస్తాం? పళ్ళు టకటకలాడించుకుంటూ కూర్చుంటామా?"

మా అన్న కోల్మన్ ఫక్కున నవ్వి, నాన్న చూసిన చూపుకి మళ్ళీ పళ్ళెంలోకి వంగాడు. ఈ గొడవ అప్పటికి రెండో వారంలో పడింది. ట్రాబాన్ తీరంలో అమ్మ చిన్ననాటి స్నేహితురాలికి ఒక ఇల్లుంది. అందులో ఒక వారం ఉండి రావాలని ఆ ఏడాది అమ్మకి ఎక్కడలేని పట్టుదల పుట్టింది. అంతకు ముందు ఏడాదుల్లోనూ అడిగేది. వద్దంటే ఊరుకునేది. ఈసారి ఊరుకోలేదు. గిన్నె మూత తీస్తూ ఒకసారి, బట్టలు పిండుతూ ఒకసారి, రాత్రి జపమాల ముగించి మోకాళ్ళ మీంచి లేస్తూ ఒకసారి, అదే మాట.

"ఒక్క వారం, మాలకీ. ఆకాశమేం ఊడిపడదు."

"ఊడిపడుతూనే ఉంది. కిటికీలోంచి చూడు," అన్నాడు నాన్న.

అది మాత్రం నిజం. ఎనభై అయిదో సంవత్సరం. మార్చిలో పట్టుకున్న వాన మే వచ్చినా వదల్లేదు. గడ్డి కోతకి రాకుండానే కుళ్ళిపోయింది. మైదానాల్లో నీళ్ళు నిలిచి, గోలు కర్రల మధ్య బాతులు తిరిగేవి. ఏప్రిల్‌లో ఆడాల్సిన ఆటలు ఒక్కటీ జరగలేదు. మా నాన్న మాలకీ టార్పీ పగలు పాల కేంద్రంలో గుమాస్తా. మాకు కూడు పెట్టింది ఆ ఉద్యోగం. సాయంత్రమైతే మా దేశపు సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్‌కి జిల్లా సంఘం సెక్రటరీ. అది జీతం లేని కొలువు. ఆయన్ని తినేసింది మాత్రం అదే.

ఏ ఊరి జట్టు ఏ ఊరితో ఎప్పుడు ఆడాలో, ఎవరు రిఫరీగా ఉండాలో, ఓడినవాళ్ళు పెట్టే అభ్యంతరాల్లో ఏది చెల్లుతుందో ఆయన నోటి నుంచి రావాలి. ఆదివారం పొద్దున పూజ అవగానే చర్చి గుమ్మం నుంచే వెళ్ళిపోయేవాడు. చీకటి పడ్డాక వచ్చి, కోటు విప్పకుండా కుర్చీ అంచున కూర్చుని టీ తాగి, మళ్ళీ ఫోను దగ్గరికి వెళ్ళేవాడు. నడవలో ఉండే ఆ ఫోను, నాన్న లేని వేళల్లో అమ్మది. "ఆట ఉందా అమ్మా?" అని జిల్లా నలుమూలల నుంచీ అడిగేవారు. "ఏమీ చెప్పకపోతే ఆట ఉన్నట్టే," అనేది అమ్మ. ఆవిడ మొహం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా సంతలో ఆ గొంతు విని గిరుక్కున వెనక్కి తిరిగేవాళ్ళు.

మా వైపు ఒక ఆచారం ఉంది. పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలో, ఎవరైనా పోతే ఆ వారం ఆ ఊరి ఆట ఆపేస్తారు. ముందు సమాధి, తర్వాతే ఆట. దీన్ని వాడుకున్నవాళ్ళూ లేకపోలేదు. మంచి ఆటగాడికి కాలు బెణికితే, అది నయమయ్యే దాకా ఊళ్ళో ఎవరో ఒకరు పోతూనే ఉండేవారు. ఒక క్లబ్బు వాళ్ళు ఒకే మేనత్తని రెండుసార్లు పాతిపెట్టారని నాన్న చెప్పేవాడు. సెప్టెంబరు ఆఖరికల్లా జిల్లా విజేత ఎవరో ప్రాంతీయ కౌన్సిల్‌కి చెప్పకపోతే మా జిల్లా పై స్థాయి పోటీలోనే ఉండదు. అందుకని మే నెల సమావేశంలో నాన్నే ఒక తీర్మానం పెట్టాడు. ఈ ఒక్క ఏడాదికి ఏ చావుకీ ఆట ఆగదు. చేతులన్నీ లేచాయి. వర్షం వాళ్ళందరి కళ్ళ ముందే పడుతోంది మరి.

*

జూన్‌లో ఒక శుక్రవారం కారోగ్లాస్ నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు ఆ ఊరి క్లబ్బు ప్రతినిధి ఇగ్గీ మెల్విన్. ఇంకొకరు సబీనా డర్కన్ అనే పెద్దావిడ. ఇద్దరూ ఆదివారం బట్టల్లో ఉన్నారు. ఆ బట్టలు చూడగానే అమ్మ కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

"పాకీ పోయాడు, మాలకీ," అన్నాడు ఇగ్గీ.

"విన్నాను. దేవుడు చల్లగా చూడాలి. సబీనా, నీ కష్టానికి నాకు చాలా బాధగా ఉంది." నాన్న ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పాకీ డర్కన్ ఆవిడ తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. ఏనాడూ ఆడలేదు కూడా, కాలు అవిటి. కానీ కారోగ్లాస్ మైదానానికి సున్నంతో గీతలు గీసేది ఆయనే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయనే. చనిపోయిన చెల్లెలి కొడుకుని పెంచి పెద్ద చేశాడు. ఆ కుర్రాడు ఫింటన్ ఇప్పుడు ఆ జట్టులో ఆడుతున్నాడు.

"ఆదివారం మధ్యాహ్నం భూస్థాపన," అన్నాడు ఇగ్గీ.

"ఆదివారం మీకు ఆట ఉంది."

"అందుకే వచ్చాం."

నాన్న టీ కప్పుని పళ్ళెంలో తిప్పాడు. "ఇగ్గీ, మే నెలలో చేతులెత్తినవాళ్ళలో నువ్వూ ఉన్నావు."

"ఎత్తాను. అప్పుడు పాకీ బతికున్నాడు."

"అందరూ బతికున్నప్పుడే కదయ్యా నియమం పెట్టుకునేది. ఇవాళ నీకు ఆపితే వచ్చే వారం ఇంకొకరికి ఆపాలి. ఎక్కడ గీత గియ్యమంటావు?"

ఆ మాట నోరు జారిందని నాన్నకి వెంటనే తెలిసింది.  అమ్మ సబీనా ముందు సోడా రొట్టె ముక్క, వెన్న పెట్టింది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"తండ్రి పోతే ఆపుతావా, మాలకీ? ఫింటన్‌కి తండ్రంటే వాడే," అంది చివరికి.

"తండ్రి పోయినా ఆపనని రాసుకున్నాం, సబీనా. మా అమ్మ పోయినా ఆపను."

"మీ అమ్మ పోయి పదేళ్ళయింది," అంది మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి. ఎవరూ నవ్వలేదు. ఆవిడా నవ్వించడానికి అనలేదు.

ఆదివారం మేమందరం కారోగ్లాస్ వెళ్ళాం. ఆ రోజు గీతలు ఎవరు గీశారో గాని, మూల దగ్గర వంకర పోయాయి. శ్మశానానికి వెళ్ళే దారి మైదానం పక్కనే ఉంటుంది, మధ్యలో నడుమెత్తు రాతి గోడ. రెండో సగంలో చర్చి వైపు నుంచి శవపేటిక కారు నెమ్మదిగా రావడం కనబడింది. దాని వెనక ఊరు ఊరంతా నడుస్తోంది. రిఫరీకి ఎవరూ చెప్పలేదు. ఈల వేసి, బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. రెండు జట్ల కుర్రాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ చేతులు కిందికి వదిలేసి నిలబడ్డారు. నాన్న టోపీ తీశాడు.

కారు గోడ పక్కగా వచ్చినప్పుడు ఫింటన్ కదిలాడు. పరిగెత్తలేదు. మామూలుగా నడుచుకుంటూ వెళ్ళి, గోడెక్కి అవతలికి దిగి, జెర్సీతో, బురద బూట్లతో మామయ్య వెనకాల నడిచాడు. సబీనా తన నల్ల కోటు విప్పి వాడి భుజాల మీద వేసింది. మలుపు తిరిగే దాకా ఆ బూట్ల చప్పుడు తారు రోడ్డు మీద వినబడుతూనే ఉంది.

నాన్న టోపీ పెట్టుకున్నాడు. గీత దాకా నడిచి రిఫరీతో నెమ్మదిగానే అన్నాడు, "ఆగిన సమయం చివర్లో కలుపుకో." అమ్మ ఆయన పక్కనే ఉంది.

 ఇంటికి వస్తుంటే కారులో అమ్మ అంది, "ఆ పిల్లాడు బూట్లు కూడా విప్పలేదు."

"మళ్ళీ వచ్చి ఉంటే ఆడనిచ్చేవాణ్ణి. ఆటలోంచి తీసేసినట్టు లెక్క కట్టమని నేనేం చెప్పలేదు," అన్నాడు నాన్న.

అమ్మ అద్దం వైపు తిరిగి కూర్చుంది. ఆ రాత్రి నుంచి ట్రాబాన్ మాట ఎత్తలేదు. గొడవ తీరిందనుకున్నాం. నాన్న కూడా అలాగే అనుకుని ఉంటాడు, రెండు రోజులు ఈల వేసుకుంటూ తిరిగాడు.

*

ఆగస్టులో ఒక మంగళవారం నాన్న తనంతట తనే అన్నాడు, "ఇవాళ సాయంత్రం ట్రాబాన్ పోయి వద్దామా? వారం కాదు గాని, ఒక పూట."

"సెక్రటరీ గారికి జ్వరమేమో, నుదురు చూడవే డింప్నా," అంది అమ్మ నాతో. కానీ వెంటనే లేచి మంచి స్వెటరు వేసుకుంది. అప్పటికే ఆ స్వెటరు ఆవిడకి వదులైంది. వానాకాలం తిండి సరిగ్గా వంటబట్టడం లేదని మాతో అనేది. మేం నమ్మాం. ఊళ్ళో అందరికీ ఆ ఏడాది ఏదో ఒకటి వంటబట్టలేదు.

నేను పనిచేసే బట్టల కొట్టు నుంచి తొందరగా వచ్చి వాళ్ళతో వెళ్ళాను. దారిలో మైదానం కనబడినచోటల్లా నాన్న కారు ఆపి దిగేవాడు. మడమతో మట్టి నొక్కి, నీళ్ళు ఊరుతున్నాయేమో చూసి వచ్చేవాడు. మూడోసారి అమ్మ అంది, "చూడు, మీ నాన్న నేల మీద అడుగు పెట్టేది నేల ఆరిందో లేదో చూడ్డానికే."

ట్రాబాన్ చేరేసరికి వాన ముసురుకుంది. దిగలేదు. సముద్రం వైపు ముఖం పెట్టి కారు నిలిపి, ఫ్లాస్కులో టీ పోసుకుని తాగాం. అద్దం మీద వాన, అవతల బూడిదరంగు నీళ్ళు. నేను వెనక సీట్లో.

"జూన్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్ళాను," అంది అమ్మ.

"దేనికి?"

"పొట్టలో. మొన్న మళ్ళీ వెళ్ళాను. ఎక్స్‌రేలు వచ్చాయి."

"ఏమన్నాడు? డబ్లిన్ పెద్దాసుపత్రికి పంపిస్తాడా?"

"డబ్లిన్ అక్కర్లేదన్నాడు."

"మంచిదేగా మరి," అన్నాడు నాన్న. "డబ్లిన్ వెళ్ళే పని లేదంటే మంచిదే." కప్పు నోటి దాకా తీసుకెళ్ళాడు. అక్కడే ఆగిపోయింది. అమ్మ ఆయన వైపు చూడలేదు, సముద్రాన్నే చూస్తోంది. ఆయన కప్పుని మెల్లిగా డాష్‌బోర్డు మీద పెట్టాడు. టీ ఆవిరి అద్దానికి పట్టింది.

కొంతసేపటికి నాన్న అన్నాడు, "వారం ఉందాం. ఇప్పుడే వెళ్ళి ఆ ఇల్లు అడుగుతాను."

"ఇప్పుడు వద్దులే. ఆ ఇంటికి మెట్లెక్కువ." అమ్మ ఫ్లాస్కు మూత బిగించింది. "పోదాం పద. దీనికి చలేస్తోంది."

నాకు చలెయ్యడం లేదు. తిరుగు ప్రయాణంలో నాన్న ఏ మైదానం దగ్గరా కారు ఆపలేదు.

*

సెప్టెంబరు నాటికి అమ్మ మంచం ముందు గదిలోకి వచ్చింది. వంటింటికీ దానికీ మధ్య ఒక్క తలుపే. మా పిన్ని కన్సెప్టా, అమ్మ చెల్లెలు, తన ఊరి నుంచి పెట్టెతో వచ్చి వంటిల్లు చేతిలోకి తీసుకుంది. నాన్నకి, పిన్నికి ఎన్నడూ పడేది కాదు. ఇప్పుడు ఒకరికొకరు ఉప్పు అందించుకునేంత మర్యాద మిగిలింది.

మా ఊరు కిల్లవారా ఆ ఏడాది ఫైనల్‌కి వచ్చింది. కోల్మన్ మధ్య మైదానంలో ఆడేవాడు. నేను పుట్టాక మా ఊరు ఫైనల్ చూడటం అదే మొదలు. వీధి పొడవునా ఆకుపచ్చ, తెలుపు జెండాలు కట్టారు. మా గుమ్మానికి మాత్రం ఎవరూ కట్టలేదు, అడగడానికి మొహమాటపడ్డారు.

ఫోను ఇప్పుడు నేను ఎత్తేదాన్ని. "ఆట ఉందా?" అని అడిగి, అది మా అమ్మ గొంతు కాదని గుర్తొచ్చి, అవతలివాళ్ళు గొంతు తగ్గించేవారు. "అమ్మగారు ఎలా ఉన్నారు?" ఆ రెండు ప్రశ్నలకీ ఉన్న సంబంధం వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. నాన్న తీర్మానం ఏదైనా కానీ, సెక్రటరీ భార్య పోతే ఫైనల్ జరుగుతుందని జిల్లాలో ఎవరూ అనుకోలేదు. ఎప్పుడన్నదే తెలియాలి.

"పాపం, నేను ఏ రోజు పోతానో ముందే చెబితే బస్సులు మాట్లాడుకోడానికి వీలుంటుంది వాళ్ళకి," అంది అమ్మ ఒకరోజు.

"ఏం మాటలమ్మా అవి."

"ఇన్నేళ్ళు ఫోనులో అందరికీ చెప్పినదాన్ని. నా సంగతి నేను చెప్పలేకపోతున్నాను."

సబీనా డర్కన్ ఆపిల్ టార్ట్ తెచ్చింది. అమ్మ దగ్గర కాసేపు కూర్చుని, చెయ్యి నిమిరి, వెళ్ళేటప్పుడు నడవలో నాన్నతో అంది, "నీకు ఆపుతారులే, మాలకీ. ఆపడమే న్యాయం." ఆవిడ గొంతులో దెప్పు లేదు. ఉంటే నాన్న ఏదో ఒకటి జవాబు చెప్పి ఉండేవాడు. తలుపు తెరిచి పట్టుకుని, ఆవిడ గేటు దాటే దాకా వానలో నిలబడ్డాడు.

ఫైనల్‌కి ముందు మంగళవారం నేను అమ్మ దిండు గలీబు మారుస్తున్నాను. నాన్న పాల కేంద్రం నుంచి వచ్చి మంచం పక్క కుర్చీ అంచున కూర్చున్నాడు. కోటుతోనే.

"మాలకీ, ఈ ఆదివారం నాకు కావాలి," అంది అమ్మ.

"ఫైనల్ ఉంది కదా."

"ఉంది. కిల్లవారా ఆడుతోందని ఇంటింటికీ తెలుసు."

నాన్న చేతులు నలుపుకున్నాడు. "అట్రాక్టా, పాకీకి ఆపలేదు. ఇప్పుడు నా ఇంటి కోసం ఆపమని ఏ మొహంతో అడగను? ఫింటన్ గోడ దూకి వెళ్ళడం నువ్వూ చూశావు."

"ఆట ఆపమని నేనన్నానా? ఆటతో నాకేం పని. నువ్వు కావాలన్నాను."

"సెక్రటరీ లేకుండా ఫైనల్..."

"నేను పోయాక ఆపుతారు. తెలుసు. చేతులకి నల్ల గుడ్డలు కట్టుకుంటారు, మైదానంలో నిమిషం సేపు నోరు మూసుకుంటారు. అదంతా నాకు వినబడుతుందా? చచ్చినవాళ్ళకి ఆదివారం ఇస్తారు మీరు. బతికున్నవాళ్ళకి ఇవ్వడం మీ పుస్తకంలో లేదు." ఊపిరి కోసం ఆగింది. "పెళ్ళయినప్పటి నుంచి ఒక్క ఆదివారం నువ్వు నా ఎదురుగా కూర్చోలేదు. ఈ ఒక్కటీ కూర్చో. ఆ కోటు తీసేసి. అంతే."

నడవలో ఫోను మోగింది. నేను కదిలేలోపే నాన్న లేచి వెళ్ళాడు. "హలో. లేదు, మూడింటికే. మూడింటికే," అనడం వినబడింది. అమ్మ కళ్ళు మూసుకుంది. నేను గలీబు బొత్తాలు పెడుతూనే ఉన్నాను.

పిన్ని తలుపు చాటు నుంచి అంతా వింది. నాన్న వంటింట్లోకి రాగానే పట్టుకుంది. "ఏం చెబుతావు దానికి?"

"ఫైనల్‌కి సెక్రటరీ రాకపోవడం ఎప్పుడూ జరగలేదు, కన్సెప్టా."

"పెళ్ళాం చావడం కూడా నీకు ఎప్పుడూ జరగలేదు."

 కోల్మన్ అప్పుడే ప్రాక్టీసు నుంచి వచ్చి, బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నేను ఆడను. అమ్మని వదిలి నేను ఆడను," అన్నాడు.

"నిన్నెవరూ అడగలేదు," అంది అమ్మ లోపలి నుంచి, వినబడేంత గట్టిగా. "నీ వయసులో నువ్వు ఆడాలి. నేను అడిగింది ఆయన్ని."

ఆ రాత్రి కుర్చీ ఖాళీగానే ఉంది. బుధవారం కూడా.

*

జరిగింది జరిగినట్టు చెప్పాలంటే, అమ్మ శనివారం తెల్లవారుజామున పోయింది. సంఘం వాళ్ళు ఆ మధ్యాహ్నమే కూడి ఫైనల్‌ని వారం వెనక్కి జరిపారు. నాన్న అడగలేదు. ప్రతిపాదించింది ఇగ్గీ మెల్విన్. ప్రాంతీయ కౌన్సిల్‌కి ఫోను చేస్తే వాళ్ళు వారం గడువు ఇచ్చారు. అడిగితే ఇచ్చేవాళ్ళని మాకందరికీ అప్పుడే తెలిసింది. జూన్‌లో ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ముందు గదిలో, శవపేటిక ఎదురుగా, ఆ కుర్చీలో. కోటు తీసేశాడు. జిల్లా అంతా వరసగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని "మీ కష్టానికి బాధగా ఉంది" అని పోతోంది. సబీనా మాత్రం చెయ్యి ఇవ్వలేదు. కుర్చీ లాక్కుని ఆయన పక్కన చాలాసేపు కూర్చుంది.  ఫింటన్ గుమ్మం బయట వానలో నిలబడి వచ్చేవాళ్ళ కార్లకి దారి చూపించాడు. తర్వాతి వారం కోల్మన్ ఆడాడు, కిల్లవారా గెలిచింది. కప్పు ఊళ్ళోకి వచ్చినప్పుడు నాన్న గుమ్మం దాకా వచ్చి చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇవన్నీ ఊళ్ళోవాళ్ళకి తెలిసినవే. సెక్రటరీ మాలకీ భార్య పోయిన దుఃఖంలో పని మానేశాడని ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. దానికి రెండు రోజుల ముందు, గురువారం సాయంత్రం జరిగింది వాళ్ళకి తెలియదు.

ఆ గురువారం ఫైనల్ ఏర్పాట్ల సమావేశం. నాన్న వెళితే ఎప్పుడూ చర్చి గంట కొట్టి, వీధి సద్దుమణిగాక గాని వచ్చేవాడు కాదు. ఆ రోజు మేం భోజనానికి కూర్చుంటూ ఉండగానే వచ్చాడు. పిన్ని బేకన్, క్యాబేజీ వడ్డిస్తోంది. గుమ్మంలో ఆయన్ని చూసి గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏమైంది? సమావేశం లేదా?" అంది.

"ఉంది. జరుగుతోంది."

నాన్న మమ్మల్ని దాటుకుని వెళ్ళి, వంటింటికీ ముందు గదికీ మధ్యనున్న తలుపు బార్లా తెరిచాడు. అమ్మ మేలుకునే ఉంది. దీపం వెలుగులో ఆవిడ మొహం దిండు మీద చిన్న పిల్లదానిలా ఉంది. ఆయన గడప మీద నిలబడ్డాడు, అందరికీ కనబడేలా. సమావేశాల్లో మాట్లాడే గొంతు కాదది. మామూలుగా, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"ఆదివారం ఆట మూడింటికి. కోల్మన్ ఆడతాడు. డింప్నా, కన్సెప్టా, మీకు వెళ్ళాలనుంటే వెళ్ళండి. నేను వెళ్ళడం లేదు. ఈ ఆదివారమే కాదు. గిల్డేని పక్కకి పిలిచి సంఘం తాళాలు ఇచ్చేసి వచ్చాను."

గిల్డే సంఘం అధ్యక్షుడు. కోల్మన్ ఫోర్కు కింద పెట్టాడు.

"తాళాలంటే? సెక్రటరీ పని?" అన్నాడు.

"వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. ఈ ఇంట్లో ఏం జరిగినా ఆట ఆపొద్దని కూడా చెప్పాను."

"వాళ్ళు వినరు," అంది పిన్ని.

"వినకపోతే వాళ్ళిష్టం. ఇక చెప్పడానికి నేనెవరిని."

 పిన్ని గరిటె గిన్నెలో పెట్టి, ఆయనకి కూడా ఒక పళ్ళెం తీసింది. నడవలో ఫోను మోగడం మొదలెట్టింది. అలవాటుగా నేను లేవబోయాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. మోగి మోగి అదే ఆగిపోయింది.

అమ్మ చాలాసేపు ఆయన్నే చూసింది. నమ్మాలా వద్దా అని చూస్తున్నట్టుంది.

"ఆదివారం పొద్దున ఎన్నింటికి లేస్తావు మరి?" అని అడిగింది.

"నువ్వు లేచినప్పుడే," అన్నాడు నాన్న.